నాన్న ఎందుకిలా నెమ్మదించారు?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. పన్నెండేళ్లుగా బీపీ ఉంది కానీ తలనొప్పి వస్తేనే మాత్ర వేసుకుంటారు. రెండేళ్ల కిందట ఒకరోజు ఎడమ చెయ్యి పట్టు తప్పింది. మర్నాటికి బాగానే ఉండటంతో నరం పట్టేసిందనుకుని వదిలేశాం. ఏడాదిగా మనిషి మారిపోయారు. ఏదైనా అడిగితే జవాబు రావడానికి చాలాసేపు పడుతోంది. కిరాణా చీటీ రాయమంటే నాలుగు వస్తువులు రాసి అలా కూర్చుండిపోతారు. అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తున్నారు. మూత్రం ఆపుకోలేకపోతున్నారు. పొద్దస్తమానం కుర్చీలోనే ఉంటారు, టీవీ కూడా పెట్టుకోరు. చిన్న మాటకే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. పాత సంగతులన్నీ గుర్తున్నాయి కాబట్టి ఇవన్నీ వేషాలని అమ్మ అంటుంది. ఎమ్మారై తీయిస్తే చిన్న రక్తనాళాల్లో మార్పులు, ఫాజెకాస్ గ్రేడ్ 2, రెండు పాత లాక్యునార్ ఇన్‌ఫార్క్ట్‌లు అని రాశారు. డాక్టరుగారు వయసు ప్రభావమన్నారు. పక్కింటివాళ్లు అల్జీమర్స్ అంటున్నారు. మందుల షాపతను మెదడుకు టానిక్ ఇచ్చాడు. అసలు ఇది ఏమిటి? నయమవుతుందా? నాకు 43 ఏళ్లు. నాకూ వస్తుందా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారి మాటతో మొదలుపెడతాను. నాన్నగారు వేషాలు వేయడం లేదు. ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ అర్థమైతే సగం గొడవ తగ్గుతుంది.

డిమెన్షియా (మతి, ఆలోచనాశక్తి తగ్గిపోయే జబ్బు) అనగానే మరచిపోవడమే అనుకుంటాం. తిన్నది మరచిపోవాలి, మనవడి పేరు తప్పు చెప్పాలి, వీధి చివరికి వెళ్లి దారి తప్పాలి. ఇవేవీ లేకపోతే మనిషి బాగున్నట్టే, చేయకపోతే బద్ధకమే అని లెక్క వేస్తాం. మెదడులోని రక్తనాళాలు దెబ్బతిని వచ్చే రకంలో వరస వేరు. జ్ఞాపకం చాలాకాలం నిలబడుతుంది. ముందుగా పోయేది పనిని మొదలుపెట్టే చొరవ, ఒకదాని తర్వాత ఒకటి చేసుకుపోయే క్రమం, ఆలోచనలో వేగం. కిరాణా చీటీ సంగతే చూడండి. ఇంట్లో ఏది అయిపోయిందో, ఏది ఎన్నాళ్లు వస్తుందో, ఎంత తేవాలో మనసులో తిప్పుకుంటూ, రాసింది మళ్లీ రాయకుండా చూసుకోవాలి. మీ నాన్నగారు ఒకప్పుడు కిక్కిరిసిన బస్సులో టికెట్టు కొడుతూ, చిల్లర లెక్కపెడుతూ, దిగేవాళ్ల స్టాపు గుర్తుంచుకుంటూ, సమయానికి విజిల్ వేసిన మనిషి. నాలుగు పనుల్ని ఒకేసారి నడిపించిన ఆ శక్తే ఇప్పుడు దెబ్బతింది. 1985లో ఏ రూటులో ఏ డ్రైవరుతో వెళ్లారో చెప్పగలరు కానీ పప్పు, ఉప్పు, నూనె తర్వాత ఏం రాయాలో తోచదు. బయటినుంచి చూసేవాళ్లకు అది మొండితనంలా కనిపిస్తుంది. అమ్మగారిని తప్పు పట్టలేం. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో చాలావాటిలో భార్యలు ఇదే మాట అంటారు.

ఇంట్లోనే ఒకటి గమనించి చూడండి. ఈమధ్య వెళ్లిన పెళ్లిలో ఏం కూర వండారని అడగండి. తెలియదంటారు, లేదా మాట్లాడరు. కాసేపు ఆగి, గుత్తివంకాయా, పనసపొట్టా అని అడగండి. చప్పున సరైనది చెప్పారంటే ఆ సంగతి లోపల భద్రంగానే ఉందని, దాన్ని వెతికి బయటికి తీసే పనే మందగించిందని అనుకోవచ్చు. అల్జీమర్స్‌లో సాధారణంగా ఇలా అందించినా ఉపయోగం తక్కువ, ఎందుకంటే అక్కడ ఆ సంగతి లోపలికే చేరి ఉండదు. దీన్నిబట్టి రోగ నిర్ధారణ చేయలేం. కానీ ఇలా జరిగితే డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇక ఎమ్మారై నివేదిక. మన శరీర బరువులో మెదడు బరువు రెండు శాతమే. అయినా మనం పీల్చే ఆక్సిజన్‌లో ఐదోవంతు దానికే కావాలి. నిల్వ చేసుకునే ఏర్పాటు దానికి లేదు, ఎప్పటికప్పుడు రక్తం అందాల్సిందే. పైనున్న పెద్ద ధమనులనుంచి లోతట్టుకు మిల్లీమీటరు కూడా లావులేని సన్నని నాళాలు దిగుతాయి. మీది గోదావరి డెల్టా కాబట్టి ఇట్టే అర్థమవుతుంది: కాలువలో నీరు తగ్గితే మొదట ఎండేవి శివారు భూములే. మెదడు లోపలి తెల్లని భాగం అలాంటి శివారు ప్రాంతం. పక్కనుంచి నీరు మళ్లించుకోవడానికి వేరే బోదె ఉండదు. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే ఆ సన్నని నాళాల గోడలు మందమై, బిరుసెక్కి, లోపలి దారి ఇరుకవుతుంది. కొన్నిచోట్ల గోడలోంచి ద్రవం ఊరుతుంది, కొన్నిచోట్ల సూదిమొనంత రక్తస్రావం జరుగుతుంది. ఇలా అరకొరగా రక్తం అందుతున్న చోట్లు స్కానింగులో తెల్లని మరకల్లా కనిపిస్తాయి. వాటి తీవ్రతను 0 నుంచి 3 వరకు లెక్కించే పద్ధతి పేరే ఫాజెకాస్. గ్రేడ్ 2 అంటే విడివిడిగా ఉన్న మరకలు ఒకదానితో ఒకటి కలవడం మొదలైందని. ఒక సన్ననాళం పూర్తిగా మూసుకుపోతే దాని మీద ఆధారపడిన కాస్త మేర చచ్చిపోయి చిన్న గుంట మిగులుతుంది. మూడు నుంచి పదిహేను మిల్లీమీటర్ల ఆ గుంటే లాక్యూన్. మీ నివేదికలో లాక్యునార్ ఇన్‌ఫార్క్ట్ అని రాసింది దీన్నే, అదొక చిన్న పక్షవాతం మిగిల్చిన గుర్తు.

ఆ తెల్లని భాగంలో ఆలోచనలు పుట్టవు. మెదడు ముందు భాగాన్నీ లోపలి కేంద్రాలనూ కలిపే తీగలు అందులోంచి వెళ్తాయి. అవి దెబ్బతింటే మాట, నడక, మూత్రం మీద అదుపు, ఉత్సాహం, ఏడుపూ నవ్వూ ఆపుకునే శక్తి అన్నీ కాస్తకాస్తగా సడలుతాయి. మీరు వేర్వేరు సమస్యలుగా రాసినవన్నీ ఒకే చోటునుంచి వస్తూ ఉండవచ్చు. చిన్న మాటకే కన్నీళ్లు రావడం కూడా ఇందులో భాగమే కావచ్చు. లోపల అంత దుఃఖం లేకపోయినా ఏడుపు పొంగుకొస్తుంది. అయితే పక్షవాతం తర్వాత నిజమైన కుంగుబాటు కూడా చాలామందికి వస్తుంది కాబట్టి ఏదో ఒకటని మీరే తేల్చుకోకండి. రెండింటికీ పనికొచ్చే మందులున్నాయి.

రెండేళ్ల కిందటి ఎడమచేతి సంగతి. అది నరం పట్టడం కాదని నా అనుమానం. నివేదికలో ఆ లాక్యూన్లు ఏ వైపున ఉన్నాయో రాసి ఉంటుంది, చూడండి. ఒకటి మెదడు కుడివైపున ఉంటే ఆరోజు వచ్చింది చిన్న పక్షవాతమే కావచ్చు. రెండోది మీకెవరికీ తెలియకుండానే వచ్చిపోయింది. ఇలాంటి నిశ్శబ్దపు పక్షవాతాలే ఎక్కువ, స్కానింగులోగానీ బయటపడవు.

డాక్టరుగారు వయసు ప్రభావమన్నారని రాశారు. అందులో కొంత నిజం ఉంది. డెబ్బై దాటినవారిలో అక్కడక్కడా తెల్లచుక్కలు కనిపించడం మామూలే. ఏ ఇబ్బందీ లేని మనిషికి గ్రేడ్ 1 అని వస్తే నేనూ కంగారుపడవద్దనే చెబుతాను. కానీ గ్రేడ్ 2, దానికి తోడు రెండు పాత లాక్యూన్లు, పన్నెండేళ్ల బీపీ, మారిపోయిన నడక ఉన్న మనిషికి వయసు ప్రభావమని చెప్పి పంపించడం నాకు నచ్చలేదు. ఆ మాట విన్నాక ఇంట్లోవాళ్లు చేయగలిగినది కూడా చేయరు.

అల్జీమర్స్ అవునా, కాదా? ఉత్తరం చదివి చెప్పలేను. మీరు రాసిన లక్షణాలు రక్తనాళాల వైపే ఎక్కువగా వేలు చూపిస్తున్నాయి. కానీ ఈ రెండు జబ్బులూ ఒకే మెదడులో కలిసి ఉండటం పెద్దవయసులో సర్వసాధారణం. వైద్యులూ ఈ విషయంలో ఇటూ అటూ ఊగారు. ఒకప్పుడు ముసలితనంలో మతి తప్పితే నాళాలు గట్టిపడటమే కారణమనేవారు. 1974లో హచిన్‌స్కీ అనే న్యూరాలజిస్టు, ఆయన సహచరులు అది సరికాదని, నాళాలవల్ల డిమెన్షియా వస్తే అది మెదడులో అక్కడక్కడా జరిగిన చిన్నచిన్న నష్టాలు పోగుపడటంవల్లేనని వాదించారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు అందరి చూపూ అల్జీమర్స్ మీదే నిలిచింది. 1997లో అమెరికాలోని క్రైస్తవ సన్యాసినుల మీద చేసిన పరిశోధన ఈ రెండింటినీ ఒకచోటికి తెచ్చింది. చనిపోయాక మెదళ్లను దానం చేసిన 102 మందిని పరీక్షించారు. అల్జీమర్స్ గుర్తులు దాదాపు ఒకే తీరులో ఉన్నా, లోతట్టున ఒకటి రెండు లాక్యూన్లు తోడైనవారిలో బతికుండగా డిమెన్షియా కనిపించే అవకాశం అనేక రెట్లు ఎక్కువగా ఉంది. కొందరి మెదడులో అల్జీమర్స్ మార్పులున్నా లాక్యూన్లు లేకపోతే మనిషి నెగ్గుకొచ్చారు. పక్కింటివాళ్ల మాట రేపు నిజమని తేలినా నాళాల సంగతి వదిలేయకూడదని నేననడానికి కారణం ఇదే.

ఒక మెట్టు దాటకుండా మందుల దగ్గరికి వెళ్లకూడదు. ఎమ్మారై ఫొటో చూసి డిమెన్షియా అని నిర్ధారించరు. మనిషి తన రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలుగుతున్నారు, పరీక్షల్లో ఏ సామర్థ్యం ఎంత తగ్గిందన్నది చూసి తేలుస్తారు. ఒక న్యూరాలజిస్టు దగ్గర తీరిగ్గా ఈ పరీక్షలు చేయించండి. తెలుగులోనే చేసేవి ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన పరీక్షల సముదాయం తెలుగులోనూ సిద్ధంగా ఉంది. అడిగిన వెంటనే జవాబు రాకపోతే మీరు అందించకండి. కూతుళ్లు అక్కడ కూర్చుని తమకు తెలియకుండానే పరీక్ష రాసేస్తుంటారు.

అలా వెళ్లినప్పుడు రక్తంలో బి12, థైరాయిడ్, సోడియం, మూడు నెలల షుగర్, కిడ్నీ పనితీరు, కొలెస్ట్రాల్ చూపించండి. కొన్నిరకాల బీపీ మాత్రలు పెద్దవాళ్లలో సోడియంను దించేస్తాయి, దాంతో మనిషి మందగించి తికమకపడతారు. ఇది సరిదిద్దగలిగే సమస్య. మీరు రాసిన మూడు – నడక, మూత్రం, ఆలోచనలో మందగింపు – కలిసి కనిపించే మరో జబ్బు ఉంది, మెదడు లోపలి గదుల్లో నీరు ఎక్కువగా చేరడం. దాన్ని కొందరిలో ఆపరేషన్‌తో మెరుగుపరచవచ్చు. ఎమ్మారై సీడీని న్యూరాలజిస్టుకు చూపించి ఈ ప్రశ్న సూటిగా అడగండి, నివేదిక కాగితం ఒక్కటే తీసుకెళ్తే చాలదు. ఈ ఏడాదిలో ఎప్పుడైనా కింద పడి తలకు దెబ్బ తగిలిందా అన్నదీ చెప్పండి.

ఇప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. జలుబు మాత్రలు, నిద్రమాత్రలు, దురదకు వేసుకునేవి, అన్నీ. పాతరకం జలుబు మాత్రలు, కొన్ని నిద్రమాత్రలు ఇలాంటి మెదడును ఇంకా మబ్బుగా చేస్తాయి. ముఖ్యంగా మూత్రం ఆపుకోలేకపోతున్నారని ఎవరైనా ఆక్సీబ్యుటినిన్ రాస్తే వేసే ముందు న్యూరాలజిస్టును అడగండి. మూత్రాశయానికి మేలు చేసే ఆ మందు మతికి కీడు చేయగలదు. ఒకరి దగ్గర మూత్రానికి, ఇంకొకరి దగ్గర మతికి మందులు తెచ్చి, ఒకదాన్ని ఇంకొకటి చెడగొట్టడం తరచూ చూస్తాను.

ఇక బీపీ. నాకు ఒక్క నిమిషమే టైము ఇచ్చి మీ ఇంట్లో ఒక్కటే మార్చమంటే ఈ మాత్రలనే పట్టుకుంటాను. తలనొప్పి వస్తేనే వేసుకుంటారని రాశారు. బీపీ ఎక్కువైతే తలనొప్పి వస్తుందని, రాకపోతే బీపీ లేదని మన ఇళ్లలో గట్టి నమ్మకం. 180 ఉన్నా ఏ బాధా తెలియకుండా పొలం పనికి వెళ్లొచ్చేవాళ్లుంటారు. పైగా ఆ మాత్ర పనిచేసే తీరు అలాంటిది కాదు. ఎక్కువమంది వాడే ఆమ్లోడిపిన్‌నే తీసుకోండి. రోజూ వేసుకుంటే దాని ప్రభావం ఒక స్థాయికి చేరి నిలబడటానికి వారం పైనే పడుతుంది. తలనొప్పి వచ్చినరోజు ఒకటి మింగి మళ్లీ పది రోజులు మానేస్తే ఆ మందు వేసుకున్నట్టూ కాదు, వేసుకోనట్టూ కాదు. తలనొప్పి ఎలాగూ సాయంత్రానికి తగ్గేదే. అది తగ్గింది కాబట్టి మాత్ర పనిచేసిందనుకుంటారు. ఇంకొందరు బీపీ చూపించుకుని, 128 వచ్చింది, నార్మలైపోయింది, ఇక మాత్ర ఎందుకని ఆపేస్తారు. అది మాత్రవల్ల వచ్చిన 128 అని చెబితే, జీవితాంతం మింగాలా అని మొహం చిన్నబుచ్చుకుంటారు. అవును, మింగాలి. పప్పులో ఉప్పు జీవితాంతం వేసుకోవడానికి లేని బాధ దీనికెందుకో నాకు తెలియదు.

ఇప్పటికైనా నియమంగా వేసుకుంటే లాభమేనా అంటే, లాభమే. అమెరికాలో బీపీ ఉన్న తొమ్మిది వేలమందికి పైగా జనాన్ని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు పై అంకె 140 లోపు, రెండో జట్టుకు 120 లోపు ఉండేలా మందులిచ్చారు. 2019లో ఫలితాలు వచ్చాయి. గట్టిగా తగ్గించినవారిలో డిమెన్షియాకు ముందు మెట్టైన తేలికపాటి మతి లోపం 19 శాతం తక్కువగా కనిపించింది. తెల్లని మరకలు పెరగడం కూడా తగ్గింది. పూర్తిస్థాయి డిమెన్షియా కూడా కొంత తక్కువగానే వచ్చింది కానీ ఆ తేడా కాకతాళీయం కాదని చెప్పేంత పెద్దది కాదు. ఆ పరిశోధనలో షుగర్ ఉన్నవాళ్లను, అంతకుముందే పక్షవాతం వచ్చినవాళ్లను చేర్చుకోలేదు. కాబట్టి 120 అంకెను మీ నాన్నగారికి యథాతథంగా అంటగట్టలేను. ఆయనలాంటివారికి సాధారణంగా 130/80 లోపు లక్ష్యంగా పెట్టుకుంటాం, అదీ తట్టుకోగలిగితేనే.

తట్టుకోగలగడమంటే ఏమిటో ఇంట్లోనే చూడవచ్చు. మోచేతికి పైన పట్టీ చుట్టే మిషను కొనండి, మణికట్టు మీద పెట్టేది వద్దు. కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక, చొక్కా చెయ్యి పైకి తీసి, చేతిని బల్లమీద పెట్టించి కొలవండి. పొద్దున మాత్రకు ముందు, మళ్లీ సాయంత్రం, ఒక నిమిషం తేడాతో రెండుసార్లు. వారం రోజులు నోటుపుస్తకంలో రాయండి. ఒకటి రెండు రోజులు లేచి నిలబడ్డ ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు కూడా కొలవండి. నిలబడగానే పై అంకె 20కి మించి పడిపోతుంటే, కళ్లు తిరుగుతున్నాయంటే, మందు తగ్గించమని డాక్టరే చెప్పవచ్చు. మరీ పడిపోయినా ఆ శివారు నాళాలకు రక్తం అందదు. అందుకే తొందరపడి రెండు మాత్రలు ఎక్కువ వేసి మొత్తం సరిచేయాలనుకోవద్దు. ఇక ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచా. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడం, ఉప్పుచేప ఇవన్నీ ఆ చెంచాలోనే సర్దుకోవాలి. ఏమీ తినొద్దని నేననను, రోజూ వద్దు.

రక్తం పలచబడే మాత్రలు ఎవరికివ్వాలన్నది డాక్టరు తేల్చాల్సిన విషయం. పక్షవాతం వచ్చినవారికి ఆస్పిరిన్‌లాంటిది ఒకటి సాధారణంగా అవసరమే. రెండు రకాలు కలిపి ఏళ్ల తరబడి వాడితే ఇలాంటి చిన్ననాళాల పక్షవాతంలో అదనపు లాభం లేదని, రక్తస్రావాలు మాత్రం పెరుగుతాయని పరిశోధనలో తేలింది. నాడి పట్టి చూస్తే కొట్టుకోవడం క్రమం తప్పుతుంటే ఈసీజీ తీయించాలి. గుండె లయ తప్పే జబ్బు ఉందని తేలితే దానికి మందు వేరు. మీ ఇంట్లో ఇంకెవరూ, ముఖ్యంగా పక్షవాతం రాని మీ అమ్మగారు, మతి పోకుండా ఉండటానికని ఆస్పిరిన్ మొదలుపెట్టవద్దు. ఆరోగ్యంగా ఉన్న పంతొమ్మిది వేలమంది వృద్ధులకు ఏళ్లపాటు ఇచ్చి చూశారు. డిమెన్షియా తగ్గలేదు, రక్తస్రావం పెరిగింది.

టానిక్ గురించి రెండు ముక్కలు. ఆపేయండి. పిరాసిటమ్, సైటికోలిన్‌లాంటివి మనదేశంలో విచ్చలవిడిగా రాస్తారు, అవి రక్తనాళాల డిమెన్షియాను ఆపుతాయనడానికి గట్టి ఆధారం లేదు. ఆ డబ్బుతో మంచి బీపీ మిషను వస్తుంది. అల్జీమర్స్‌కు వాడే డొనెపెజిల్‌వల్ల కొందరికి కాస్త మేలు ఉంటుంది, రెండు జబ్బులూ కలిసి ఉన్నాయని అనుమానిస్తే న్యూరాలజిస్టు దాన్ని రాయవచ్చు. అది నాడి వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి ముందు ఈసీజీ అవసరం.

నయమవుతుందా అని అడిగారు. చచ్చిపోయిన భాగం తిరిగి రాదు. కానీ ఈ జబ్బు అల్జీమర్స్‌లా ఏకధాటిగా జారుతూ పోవాలని లేదు. కొందరిలో మెట్లుమెట్లుగా దిగుతుంది, మధ్యలో నెలలు, కొందరిలో ఏళ్లు నిలకడగా ఉంటుంది. తర్వాతి మెట్టు తరచుగా ఇంకో పక్షవాతమే. మొదటి పక్షవాతం తర్వాత పదిమందిలో ఒకరికి డిమెన్షియా వస్తుంటే, మళ్లీ మళ్లీ వచ్చినవారిలో మూడోవంతుకు పైగా దాని బారిన పడుతున్నారని చాలా పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది. అందుకే మాట తడబడటం, మూతి వంకర, ఒకవైపు పట్టు తప్పడం కనిపిస్తే, అయిదు నిమిషాల్లో తగ్గిపోయినా సరే, 108కి ఫోను చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి పూర్తిగా తికమకపడితే అది జబ్బు ముదరడం కాకపోవచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం, మలబద్ధకం కూడా పెద్దవాళ్లను అలా చేస్తాయి.

ఇంట్లో ఏం చేయాలి? ఆయనకు ఒకసారి ఒకే మాట చెప్పండి. స్నానం చేసి, బట్టలు మార్చుకుని, టిఫిన్‌కు రమ్మంటే మూడు పనులు. మొదటిది అయ్యాక రెండోది చెప్పండి. అడిగాక నోట్లో పది లెక్కపెట్టుకుని ఆగండి, జవాబు వస్తుంది. ఖాళీ కాగితం ఇచ్చి చీటీ రాయమనకుండా, వస్తువుల పేర్లు ముందే రాసి కావలసినవాటికి టిక్కు పెట్టమనండి. చొరవ తనంతట తాను రాదు కాబట్టి రోజూ ఒకే వేళకు చెప్పులు ఎదురుగా పెట్టి, పక్కన మనిషి తోడుండి నడిపించాలి. నడుద్దామా అని అడిగితే వద్దనే అంటారు, పదండి అంటే లేస్తారు. ఫిన్లాండ్‌లో 1,260 మంది మీద రెండేళ్లు చేసిన ఒక ప్రయోగంలో తిండి, వ్యాయామం, మెదడుకు సాధన, బీపీ షుగర్‌ల పర్యవేక్షణ కలిపి చేస్తే ముప్పు ఉన్నవారిలో ఆలోచనాశక్తి మెరుగ్గా నిలిచింది. వాళ్లకు ఇంకా డిమెన్షియా రాలేదు, నిజమే. అయినా నాన్నగారికి దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. రెండు మూడు గంటలకొకసారి మీరే బాత్రూముకు తీసుకెళ్తే ఆపుకోలేని ఇబ్బంది కొంత తగ్గుతుంది. దారిలో చాపలు, వైర్లు తీసేయండి, రాత్రి లైటు ఉంచండి. మాత్రలు వారాల డబ్బాలో సర్ది మీ అమ్మగారి చేతికివ్వండి. బండి తాళం తీసేసుకోండి. దీని మీద పేచీ వస్తుంది, రానివ్వండి.

డబ్బు వ్యవహారాలు ఇప్పుడే చూసుకోండి, సిగ్గుపడకండి. ఖాతాలో అమ్మగారి పేరు కలపడం, నామినీ, వీలునామా వంటివన్నీ ఆయనకు అర్థమై సంతకం పెట్టగలిగినప్పుడే జరగాలి. అధికారపత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకుంటే చాలనుకుంటారు చాలామంది. మన కాంట్రాక్టు చట్టం ప్రకారం రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం తప్పితే ఆ పత్రం విలువ పోతుంది. ఇలాంటివాటిలో దారి చూపడానికి వృద్ధుల కోసం 14567 అనే ఉచిత ఫోను సేవ కూడా ఉంది.

మీ సంగతి. చిన్ననాళాల జబ్బు వంశపారంపర్యంగా వచ్చే రకం ఒకటి ఉంది, 19వ క్రోమోజోమ్ మీదున్న నాచ్3 అనే జన్యువులో లోపంవల్ల వస్తుంది. అది అరుదు. అందులో తరచుగా యవ్వనంలో మొదలయ్యే పార్శ్వపు తలనొప్పి, నలభై యాభైలలోనే పక్షవాతాలు, ఇంట్లో రెండు మూడు తరాల్లో అదే కథ ఉంటుంది. బీపీని ఏళ్ల తరబడి వదిలేసిన మనిషికి 69 ఏళ్ల వయసులో వచ్చిన పక్షవాతాన్ని చూసి దాన్ని అనుమానించను. మీకు వారసత్వంగా రాగలిగింది బీపీ, షుగర్ వచ్చే గుణం. దాన్ని పట్టుకోవడానికి ఇదే సరైన వయసు. లండన్ ప్రభుత్వోద్యోగులను దశాబ్దాలపాటు గమనించిన పరిశోధనలో, యాభై ఏళ్లప్పుడు పై అంకె 130 దాటినవారికి తర్వాత డిమెన్షియా ముప్పు ఎక్కువగా కనిపించింది. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం డిమెన్షియాకు మనం మార్చుకోగల కారణాలు 14 అని లెక్కగట్టి, అవన్నీ లేకపోతే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులు రాకుండా లేదా ఆలస్యంగా వచ్చేవని అంచనా వేసింది. మధ్యవయసు బీపీ, చెడు కొలెస్ట్రాల్, షుగర్, పొగతాగడం, వినికిడి లోపం, కదలకుండా కూర్చోవడం అందులో ఉన్నాయి.

పదకేళీలు పూరిస్తే చాలా అని చాలామంది అడుగుతారు కాబట్టి మన ఊరి సంగతి ఒకటి చెబుతాను. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ప్రచురించారు. ఒకే భాష మాట్లాడేవారికంటే రెండు భాషలు వాడేవారిలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ, రక్తనాళాల రకంలోనూ తేడా కనిపించింది. మెదడుకు పని ఉండటం మంచిదే. కానీ ఆ పరిశోధన చూసి బీపీ మాత్ర మానేసి హిందీ నేర్చుకుంటానంటే ఒప్పుకోను.

మీ ఉత్తరంలో అందరి సంగతీ ఉంది, మీ బీపీ ఎంతో లేదు. నాన్నగారి కోసం కొన్న మిషనుతోనే ఆ వారమంతా మీరూ కొలుచుకుని అదే పుస్తకంలో పక్క గడిలో రాసుకోండి. సగటున 130 దాటితే ఆయనతోపాటు మీరూ డాక్టరుకు చూపించుకోండి. తోబుట్టువులుంటే వాళ్లకూ చెప్పండి.